ఎడమచేతికి వంగే గొట్టం

మా అత్త స్నానం చేస్తుంటే ఇంట్లో అందరికీ తెలిసేది. ఇత్తడి చెంబు రాగి గంగాళం అంచుకు తగిలి చేసే చప్పుడు వంటింటి దాకా వినిపించేది. ఆ చప్పుడును బట్టి నేను ఎసరు పెట్టేదాన్ని. చెంబుకూ చెంబుకూ నడుమ ఎడం ఎక్కువగా ఉంటే తల రుద్దుకుంటున్నదని, గబగబా వినిపిస్తే ఇక అయిపోవచ్చిందని లెక్క. లోపలి గడియ పడిన చప్పుడుతో మొదలై, గడియ తీసిన చప్పుడుతో ముగిసేది ఆమె స్నానం. ఆ నడుమ ఎవరు పిలిచినా పలికేది కాదు. పెద్ద సంసారంలో, ఎప్పుడూ ఎవరో ఒకరు కొంగు పట్టుకుని ఏదో అడిగే ఇంట్లో, ఆమెకు తనదంటూ ఉన్న చోటు ఆ స్నానాల గది ఒక్కటే. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆమె నాకు అత్తగారు మాత్రమే కాదు, మా నాయనకు సొంత అక్క. ఇద్దరం మార్కాపురంలో ఒకే దుకాణం వెనక ఇంట్లో పుట్టి, గిద్దలూరులో ఒకే ఇంటికి కోడళ్ళమై వచ్చినవాళ్ళం. బేరమాడకుండా వస్తువు కొంటే ఇద్దరికీ ఆ పూట అన్నం సహించదు. అయితే ఆమె ముందు నేను పసిబిడ్డను. ఆమె చింతపండు బేరం చేస్తే అమ్మేవాడు కొసరు వేసి, ఆ కొసరు మీద ఇంకో కొసరు వేసి, చివరికి నమస్కారం పెట్టి పోయేవాడు. నేను బేరం చేస్తే అమ్మేవాళ్ళు ఒక్కోసారి నవ్వేవాళ్ళు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో ఇంటికి వచ్చి వస్తువు విప్పి చూసుకున్నాక తెలిసేది.

ఆ స్నానాల గదిలో పరిచిన బండలు మార్కాపురం పలకరాయి. పుట్టింటి రాయని ముచ్చటపడి ఆమే తెప్పించుకున్నది. ఒక వానాకాలం ఆ రాయి మీద పాచి పట్టింది. అత్త జారి పడింది. కుడి భుజం కీలు తప్పింది. కట్టు కట్టే ఆయన వచ్చి, గుడ్డు సొన రాసి, వెదురు బద్దలు పెట్టి కట్టిపోయాడు. కట్టు విప్పిన రోజు చెయ్యి రొమ్ము దాకా లేచింది. అంతకు మించి లేవలేదు.

"ముద్ద నోటికాడికి వచ్చాది. చెంబు తలకాడికి పోదు. ఆకలికి పనికొచ్చే చెయ్యి మిగిలింది, పోనీలే," అంది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి చిన్నగా చెప్పింది. "ఈ సంగతి మార్కాపురంలో తెలియగూడదు. మా తమ్ముడికి తెలిస్తే రైలెక్కి వచ్చి నా ముందర కూర్చోని ఏడుస్తాడు. వానికి నేను ఓదార్పు చెప్పాల మళ్ళా."

అప్పటి నుంచి నీళ్ళు నేను పోశాను. ఆమె చీర ఒంటికి చుట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చునేది. తలుపు దగ్గరగా వేసేదాన్నే గానీ, నేను లోపలే ఉంటే ఇంక గడియ ఎందుకు? వీపు మీద నీళ్ళు పోస్తే భుజాలు ముడుచుకునేది. అంత మాటకారి మనిషి ఆ కాసేపూ ఒక్క మాట మాట్లాడేది కాదు. ఒకరోజు చెంబు దించి, "వేడి సరిపోయిందా అత్తా?" అన్నాను.

"వేడి బాగానే ఉండాది. నువ్వు పోస్తే తానం చేసినట్ల లేదే. తడిపినట్ల ఉండాది."

ఆ మాట నాకు తగిలింది. నా మీద కోపంతో అన్నది కాదు కాబట్టి మరీ తగిలింది. ఈమె మళ్ళీ తలుపు వేసుకుని, గడియ పెట్టుకుని, తన నీళ్ళు తాను పోసుకోవాలి. ఇంకే పనీ తోచలేదు నాకు.

దారి రైలు స్టేషనులో కనబడింది. మా ఇంటాయన పార్సిలు విడిపించడానికి పోతూ నన్నూ తీసుకుపోయాడు. ఇంజను నీళ్ళు తాగుతున్నది. ఎత్తున ఇనుప స్తంభం, దాని నుంచి ఏనుగు తొండంలా గుడ్డ గొట్టం, అందులోంచి ధారగా నీళ్ళు. అంత ఇంజనుకు ఎవరూ చెంబుతో పోయడం లేదు గదా అనుకున్నాను. ఇంటికి రాగానే కంసాలిని పిలిపించి, పాత నూనె డబ్బాను కుంకుడు రసంతో తోమించి, అడుగున ఇత్తడి కుళాయి అతికించాను. గోడకు ఎత్తుగా రెండు కొయ్య మేకుల మీద పలక వేయించి, డబ్బాను దాని మీద కూర్చోబెట్టాను. ఇక కావలసింది గొట్టం. గొట్టం అంటే గొట్టమే గదా అని నా ధీమా.

రబ్బరు గొట్టాలు, గుడ్డ గొట్టాలు మా పక్కల మార్కాపురంలో ఒక సాయబు దగ్గరే దొరికేవి. బస్సుల విడి భాగాలు, గిలకలు, తాళ్ళు, చేదలు అన్నీ ఆయన దుకాణంలో ఉండేవి. మా నాయన దుకాణం వరసలోనే. చిన్నప్పుడు మా అరుగు మీద ఆడుకుని పెరిగిన మనిషి, మా అత్తను అక్కా అంటాడు, నన్ను బేటీ అంటాడు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. దుకాణం మెట్టు ఎక్కేటప్పుడు ఏం కావాలో మొహాన కనబడనీయకూడదు. దేనికి కావాలో అసలే చెప్పకూడదు. అవతలివాడికి మన అవసరం తెలిస్తే ధర దిగదని మా నాయన మమ్మల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పిన చదువు. మందుకు తేనె కావలసి వస్తే, పిల్లలు గొడవ చేస్తున్నారు పెట్టడానికి అని చెప్పేవాళ్ళం. పెళ్ళికి బెల్లం కావలసి వస్తే, ఎద్దులకు అని చెప్పేవాళ్ళం. ఆ పద్ధతిలోనే నేను సాయబు దుకాణానికి పోయాను.

"ఏం కావాల బేటీ?"

"ఏం లేదు మామా. ఊరికే నాయనను చూసి పోదామని వచ్చినా." ఒక తాడు తడిమాను. ఒక గిలక తిప్పాను. తాళంకప్ప ధర అడిగి, "అమ్మో" అన్నాను. తర్వాత అప్పుడే కంటపడినట్టు, "ఆ గుడ్డ గొట్టం ఏంది?" అన్నాను.

"దేనికి?"

"గేదెల తొట్టికి."

"మీరు గేదెలు ఎప్పుడు కొన్నారు?"

"కొంటాం."

ఆయన గడ్డంలో నవ్వుకున్నాడు. "గేదెలకైతే ఇది శానా మంచిది. కొంచెం కారినా గేదె ఏమనుకోదు." బారలు కొలిచి ఇచ్చాడు. కొసరుగా ఇంకో మూర లాక్కున్నాను. రైలెక్కి గిద్దలూరు దాకా ఆ కొసరును ఒళ్ళో పెట్టుకుని మురిసిపోతూ వచ్చాను.

మర్నాడు డబ్బా నింపి, కుళాయికి గొట్టం కట్టి, అత్తను కింద పీట మీద కూర్చోబెట్టి కుళాయి తిప్పాను. స్టేషనులో ఆ నీళ్ళకు పైనుంచి ఎంత తోపుడు ఉంటుందో నాకేం తెలుసు? మా డబ్బా నీళ్ళకు ఆ గుడ్డ విచ్చుకోనే లేదు. పాము విడిచిన కుబుసంలాగా చదునుగా వేలాడింది. పొడుగునా ప్రతి దారం సందులోంచి నీళ్ళు ఊరాయి. గోడ తడిసింది, నేను తడిశాను, మేకుకు తగిలించిన పొడి చీర తడిసింది. గొట్టం కొస నుంచి మాత్రం అత్త తల మీద ఒకటి, ఆగి ఇంకొకటి, చుక్కలు పడ్డాయి. ఆమె తల ఎత్తి గొట్టాన్ని చూసింది.

"గొట్టం తానం చేసింది. నేను చూసినాను. ఇంక లేద్దామా?"

రెండోసారి పోయినప్పుడు నేను తెలివి తెచ్చుకున్నాననుకున్నాను. గుడ్డ వద్దు, రబ్బరు కావాలి, లావుగా ఉండాలి, నీళ్ళు గట్టిగా రావాలి. ఈసారి ఇల్లు కట్టిస్తున్నామని, సున్నం కలపడానికి నీళ్ళు పట్టాలని చెప్పాను.

"గేదెలు ఎట్ల ఉన్నాయి?" అన్నాడు సాయబు.

"బాగున్నాయి మామా."

"సున్నానికైతే ఇదిగో, నల్లది. మొద్దుది. తొక్కినా ఏం గాదు." అది నా ముంజేయంత లావుంది. ఎంత లావుంటే అంత గిట్టుబాటు అని తెచ్చుకున్నాను.

వంటింటి పక్కన, స్నానాల గది గోడకు ఆనుకుని, ఎత్తు అరుగు మీద బొగ్గుల బాయిలరు ఒకటి ఉండేది. రాగిది, మధ్యలో బొగ్గులు వేసే గొట్టం, అడుగున కుళాయి. రోజూ వేణ్ణీళ్ళు మోసుకుని డబ్బాలో పోయడం ఎందుకు, బాయిలరు నుంచే నేరుగా పట్టేద్దామని, గోడకు కన్నం కొట్టించి నల్ల గొట్టాన్ని ఆ కుళాయికే తొడిగాను. వేడి తగిలేసరికి దాని అసలు వాసన బయటికి వచ్చింది. గొట్టంలో కొంచెం చల్లారి వచ్చిన మొదటి ధార తల మీద పడగానే అత్త ముక్కు మూసుకుంది.

"కంభం బస్సు ఎక్కినట్ల ఉండాదే. దిగేది ఎక్కడ?"

నేను నవ్వాను. ఆమె ఎడమచేత్తో గొట్టాన్ని ఇటు తిప్పుకోబోయింది. అది అంత తేలిగ్గా వంగే రకం కాదు. వంగిన చోట వేడికి మెత్తబడి, నొక్కుకుపోయి, నీళ్ళు ఆగాయి. వెనక తోపుడుకు గొట్టం కుళాయి నుంచి ఊడింది. కాగే నీళ్ళు గోడ కన్నంలోంచి బండల మీదికి వచ్చి, ఆమె పాదాలకు జానెడు దూరంలో జలదారిలోకి పోయాయి. ఆమె ఆ ఆవిరి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"చాలు," అంది.

అరవలేదు, తిట్టలేదు. మర్నాడు నేను చెంబు పట్టుకుని పిలిస్తే, "ఈ పొద్దు ఒళ్ళు బాగలేదు, మొహం కడుక్కుంటాలే" అంది. ఆ మర్నాడూ అంతే. స్నానం చెయ్యకుండా మెతుకు నోట పెట్టని మనిషి. కనుక అన్నం కూడా వద్దంది. ఇంత మజ్జిగ తాగి, వసారాలో చింతగింజలు ఏరుతూ కూర్చుంది. ఏరినవే మళ్ళీ కలిపి ఏరుతున్నదని నాకు కనబడుతూనే ఉంది. చేట తీసి పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"ఇంకొక్కసారి మార్కాపురం పోయి వస్తా అత్తా. ఈసారి మంచిది తెస్తా."

ఆమె చేతిలోని గింజను పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "ఏం చెప్పి కొంటాండావే నువ్వు?"

"మొదట గేదెలకన్నాను."

"రెండోతూరి?"

"సున్నానికి."

మా అత్త మొహంలో ఏదో కదిలింది. పెదవులు బిగబట్టింది. బిగబట్టలేకపోయింది. పడిన రోజు నుంచి ఆమె నవ్వడం నేను చూడలేదు. కుడిచెయ్యి నొప్పిపెడుతుంటే దాన్ని ఎడమచేత్తో పట్టుకుని మరీ నవ్వింది.

"గేదెలకంటే గేదెల గొట్టం ఇచ్చినాడు. సున్నానికంటే సున్నం గొట్టం ఇచ్చినాడు. ఆయప్ప తప్పేముండాది? నాకని అడిగినావా నువ్వు?"

"నువ్వేగదా చెప్పొద్దంటివి."

"అంటిని," అంది. చేట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. కాసేపు గింజలు కదిపింది. "రేప్పొద్దున రైలుకు నేనూ వస్తా."

ఇద్దరం పోయాం. మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి జట్కా ఎక్కాం. దారి పొడుగునా కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని కూర్చుంది. నాయన దుకాణం ముందు ఆగకుండా జట్కాను నేరుగా సాయబు దుకాణానికి పోనిమ్మంది. సాయబు లేచి నిలబడ్డాడు.

"రా అక్కా. ఎన్నాళ్ళకు! కూర్చో."

నాకు అలవాటు ఆగుతుందా? గోడకు వేలాడే చేదను తడిమి, "ఊరికే ఇట్ల వచ్చినాం మామా, పూలచెట్లకని..." అని మొదలుపెట్టాను.

అత్త నా చెయ్యి మీద చెయ్యి వేసింది. నేను ఆగిపోయాను. ఆమె కొంగు కింద నుంచి కుడిచెయ్యి బయటికి తీసి, ఎంత లేస్తుందో అంత లేపి చూపించింది. అది రొమ్ము దాకా వచ్చి నిలబడిపోయింది.

"ఇంతే లేచ్చాది తమ్ముడా. తలమీద నీళ్ళు పోసుకోలేకున్నా. నా కోడలు పోచ్చాది పాపం, దీన్నేమనేది లేదు. నా అంతట నేను తానం చెయ్యాల, తలుపేసుకోని. దానికి తగిన గొట్టం ఉంటే ఇయ్యి."

ఆ దుకాణాల వీధిలో పుట్టి, ముసలితనం వచ్చేదాకా ఏ అంగడివాడికీ తన అవసరం చెప్పని మనిషి ఆమె. చెబుతుంటే ఆమె గొంతు మామూలుగానే ఉంది. నేనే తల వంచుకుని తాళ్ళ చుట్టలను చూస్తూ నిలబడ్డాను.

సాయబు అయ్యో అనలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. "నీళ్ళు ఏడనుంచి వస్తాయక్కా?" అన్నాడు. నేను చెప్పాను. డబ్బా ఎత్తు, కుళాయి మూతి లావు, బాయిలరు ఎక్కడుందీ, బావి నీళ్ళు నింపుకునే తొట్టి ఎక్కడుందీ, ఈసారి ఏదీ దాచలేదు.

"మూడింటికీ ఒకే గొట్టం అంటే కుదరదు బేటీ. బావికాడ నుంచి తొట్టికి నీళ్ళు తోలుకునేదానికి నీ గేదెల గొట్టం పెట్టుకో. కారితే బయటనే గదా కారేది. బాయిలరుకు బస్సు గొట్టం ఇస్తా. లోపల గుడ్డ పొరలుంటాయి, వేడికి మెత్తబడదు. మూరెడు చాలు, వంపు లేకుండా నేరుగా గంగాళంలోకి. కాగే నీళ్ళు మనిషి కాడికి రాగూడదు, నువ్వు చన్నీళ్ళు కలిపి తొలిపి డబ్బాలో పొయ్యి. ఇంక అక్క చేతిలోది..."

లోపలికి పోయి రెండు మూడు రకాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఒకటి నల్లది సన్నం, ఒకటి బూడిద రంగు, ఒకటి ఎర్రది కాగితంలో చుట్టి ఉంది.

"ఎడమచేత్తో ఒక్కోటి వంచి చూడక్కా."

ఆమె నల్లది వంచింది. వంగింది గానీ వదలగానే ఎగిరి ఆమె గాజులకు తగిలింది. బూడిద రంగుది వంచితే మధ్యలో మడత పడి మూసుకుంది. ఎర్రది తీసుకుంది. అది చేతిలో జడలాగా వంగింది, ఎక్కడా మూసుకోలేదు. ఆమె దాన్ని తన భుజం మీదికి తెచ్చుకుంది, మెడ వెనక్కి పోనిచ్చింది, మళ్ళీ ముందుకు తెచ్చుకుంది. దుకాణంలో ఉన్నామని మరిచిపోయినట్టుంది.

"ఇది ఏడది?" అంది.

"ఆసుపత్రులకు పోయే సరుకక్కా."

చెయ్యి ఆగింది. "ఏ రోగికీ పెట్టలేదు గదా?"

"కొత్తది. కాయితం ఇప్పుడే విప్పితి గదా నీ ముందర!"

"కాయితం మళ్ళా చుట్టేది నీకు రాదా ఏంది?"

సాయబు పకపకా నవ్వి ధర చెప్పాడు. ఇంతగా మనసు విప్పి చెప్పుకున్నాక ఇంకేం బేరమాడతాంలే అని నేను సంచీ విప్పబోయాను. అత్త నా మోచేతిని పొడిచింది.

"అదేం ధర తమ్ముడా? చెయ్యి లేవదని చెప్పినా గానీ నోరు లేవదని చెప్పలేదే!"

అక్కడి నుంచి అరగంట నేను ఊరికే కూర్చుని చూశాను. ఆయన దిగడు, ఆమె లేస్తుంది. ఆయన పిలుస్తాడు, ఆమె మెట్టు మీద ఆగుతుంది. మా అరుగు మీద ఆడుకున్న కథలు బయటికి వచ్చాయి. మా అత్త మొహంలోకి రంగు వచ్చింది. చివరికి ధర కుదిరాక, "కొసరు?" అంది.

"గొట్టానికి కొసరేంది? పొడుగైతే కిందపడి మడత పడుతుందక్కా."

"పొడుగు నాకెందుకు? నీళ్ళు నిలిపేదానికి ప్రతిసారీ కుళాయికాడికి లేవాలనా? దానికేమన్నా ఇయ్యి."

ఆయన ఆలోచించి, గల్లాపెట్టె పక్కనున్న రేకు డబ్బాలో వెతికి, వేలెడు ఇత్తడి పట్టీ ఒకటి తీశాడు. గొట్టానికి తగిలిస్తే అది నొక్కి పట్టి ధార ఆపుతుంది, వేళ్ళతో అదిమితే వదులుతుంది. ఆమె చేతికిచ్చి, "నొక్కక్కా" అన్నాడు. ఎడమచేతి వేళ్ళతో నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది. పట్టీ టిక్కుమని చప్పుడు చేసింది.

తర్వాత ఆమే నన్ను నాయన దుకాణానికి నడిపించుకుపోయింది. నాయన ఏడ్చాడు. ఆమె ఓదార్చింది. తన తమ్ముడి సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఇంటికి వచ్చి ఎర్ర గొట్టం కొసను వేణ్ణీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక కుళాయి మూతికి ఎక్కించి, తీగతో బిగించాను. రెండో కొసకు కంసాలి చేత చిల్లుల రేకు మూతి చేయించాను. సున్నం గొట్టం ఏమయిందంటారా? జలదారి నీళ్ళు మునగచెట్టుకు పోవడానికి దాన్ని గోడ అవతల పడేశాను. దానికి నేను బేరం చేసిన తీరు తలుచుకుంటే ఆ చెట్టు కాయలు కూడా నాకు కొంచెం రబ్బరు వాసన వేసేవి.

మర్నాడు పొద్దున డబ్బాలో నీళ్ళు తొలిపి పోసి, మోచెయ్యి ముంచి వేడి చూసి, గొట్టాన్ని ఆమె ఎడమ వైపు మేకుకు తగిలించి బయటికి వచ్చాను. ఆమె పొడి చీర భుజాన వేసుకుని లోపలికి పోయింది. తలుపు పడింది. గడియ ఎడమచేత్తో లాగడం ఆమెకు కొత్త. గీరుకుంటున్న చప్పుడు, ఆగింది, మళ్ళీ గీరుకుంది. "నేను తోస్తా ఉండు" అనే మాట నాలుక కొస దాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. గడియ పడింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత పట్టీ టిక్కుమంది. పలకరాయి మీద సన్నగా వాన పడినట్టు నీళ్ళు. టిక్కు, ఆగాయి. టిక్కు, మళ్ళీ పడ్డాయి. అన్నిసార్లు ఆపాల్సిన పని లేదు.

"ఏమే."

నేను ఉలిక్కిపడ్డాను. "ఆఁ, అత్తా."

"ఎసరు పెట్టినావా?"

"పెట్టినా."

"పెట్టలేదు. నీ గాజులు తలుపుకాడనే ఇనబడతాండాయి. పో."

వంటింట్లోకి పోయాను. పోయానే గానీ, చెంబు చప్పుడుకైతే నాకు లెక్క తెలుసు, ఈ చప్పుడుకు ఇంకా తెలియదు. ఎప్పుడు తల రుద్దుకుంటున్నదో, ఎప్పుడు అయిపోవస్తున్నదో అంతు చిక్కలేదు. బియ్యం ముందే వేసేశాను. ఆమె స్నానం అవ్వనే అవ్వదు. ఆమె గడియ తీసేసరికి అన్నం మెత్తగా గుజ్జయిపోయింది.

విస్తరి ముందు కూర్చుని మొదటి ముద్ద నోట పెట్టుకుని, "ఇది అన్నమా, నీ సున్నమా?" అంది. వడ్డించడానికి వంగాను. ఆమె తడి జుట్టు వీపు మీద విరబోసి ఉంది. రబ్బరు వాసన లేదు. కుంకుడుకాయ వాసన వచ్చింది.